అడిగి పీల్చే ఊపిరి

"బుస్సుమంటోందిగా. ఇంకేం కావాలి నీకు?"

పెయింటరు ఇన్‌హేలర్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి మళ్లీ నొక్కాడు. పొగలాంటిది సన్నగా బయటికొచ్చి గాలిలో కలిసిపోయింది. మంచం అంచున కూర్చున్న అతని భార్య అది కనబడకుండా పోయేదాకా దానివంకే చూసింది.

మోకాళ్ల మీద చేతులానించి, ముందుకి వంగి, భుజాలెగరేస్తూ ఆమె అలా కూర్చుని పావుగంటైంది. ఆరుసార్లు పీల్చింది. ఆరుసార్లూ నోట్లోకి చల్లగా ఏదో వచ్చింది కానీ, గుండెల మీద కూర్చున్నది మాత్రం కదల్లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అందులో మందు లేదని చెప్పింది.

డబ్బా సంగతి తనకి చెబుతోందా అని అతను నవ్వాడు. ఇరవై రెండేళ్లుగా స్ప్రే గన్ను పట్టిన చెయ్యి అది. డబ్బాలో సరుకుందో లేదో అరచేతిలో తూచి చెప్పగలడని ఇంటి కిందే ఉన్న రంగుల షెడ్డులో పేరు. ఇన్‌హేలర్‌ని కూడా అలాగే చెవి దగ్గర ఊపి, తూచి, ఇంకా సగం ఉందని తేల్చేశాడు. పోయిన వారంలోనూ అంతే. అయిపోవచ్చిందని ఆమె అన్నప్పుడల్లా రెండుసార్లు గాల్లోకి కొట్టి, ఉందని చూపించాడు.

గుమ్మంలో ఆమె అత్తగారు టీ కప్పుతో నిలబడి ఉంది. సాసరు మీద కప్పు టకటక కొట్టుకుంటోంది. ఈ మధ్య ఆవిడ చేతులు అలాగే వణుకుతున్నాయి. వయసైపోతోందిరా అని కొడుకుతో అంటూ ఉంటుంది.

"పాప బడికి వెళ్లేదాకా బాగానే ఉంటుంది. సోఫా కవర్లు కుట్టే వేళకి మొదలవుతుంది ఈలపాట" అంది ఆవిడ.

ఈలపాట అన్నది కోడలికి ఆవిడ పెట్టిన పేరే. ఆయాసం వచ్చినప్పుడు కోడలి గుండెల్లోంచి వినబడే కూతని బట్టి, ఎనిమిదేళ్ల కిందట పెట్టింది. మొదట్లో నవ్వులాటకి అన్నది కాస్తా తర్వాత అసలు పేరులా స్థిరపడిపోయింది. ఈలపాటకి అన్నం పెట్టానంటుంది. ఈలపాట ఇంకా లేవలేదంటుంది. కింద షెడ్డులో పనివాళ్లకీ ఆ పేరు తెలుసు.

ఆమె తలెత్తి భర్తని చూసింది. ఏదో అనబోయింది. మాట రాలేదు.

ఆ చూపుకి కాదు, పెదాలకి భయపడ్డాడు అతను. రంగులు కలిపే మనిషి కదా. ఆ పెదాలు ఏ రంగులోకి మారాయో అతనికి వెంటనే తెలిసింది. బీరువాలకి పైరంగు వేసేముందు కొట్టే బూడిద అండర్‌కోట్ రంగు అది. బతికున్న మనిషి మొహం మీద ఆ రంగుండకూడదు.

ఇన్‌హేలర్‌ని మంచం మీద పడేసి, ఆమె చంకల కింద చేతులేసి లేపాడు.

"టీ చల్లారిపోతుంది" అంది అత్తగారు వెనకనుంచి.

*

ఆస్పత్రిలో మొహానికి మాస్కు తగిలించి, మందుని ఆవిరిలా పట్టారు. ఇరవై నిమిషాలకి ఆమె భుజాలు కిందికి దిగాయి. ఇంకో ఇరవై నిమిషాలకి ముక్కునుంచి కారిన నీళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస వచ్చింది.

నర్సు పాత ఇన్‌హేలర్‌ని చేతిలోకి తీసుకుని, ఎన్నాళ్లైంది తెరిచి అని అడిగింది. ఇంకా రెండు నెలలు నిండలేదని పెయింటరు చెప్పాడు. ఇది ఖాళీ అని నర్సు చెత్తబుట్టలో పడేసింది. బుస్సుమంటోంది కదండీ అని అతను ఇక్కడా మొదలుపెట్టాడు. మందు అయిపోయాక కూడా గ్యాసు మిగిలి ఉంటుందనీ, అది కూడా బుస్సుమంటుందనీ, ఊపి చూడటం, తూచి చూడటం, నీళ్లలో వేసి చూడటం ఏవీ పనికిరావనీ, ఎన్నిసార్లు నొక్కామో లెక్క పెట్టుకోవడం ఒక్కటే దారి అనీ నర్సు రోజూ చెప్పే పాఠంలా గడగడా చెప్పేసింది. డబ్బాకి రెండువందల పఫ్‌లు, అంతే.

"నేను లెక్క పెట్టాను. పీల్చింది నూట పద్దెనిమిదే" అంది ఆమె మాస్కు తీసి.

పెట్టింది నిజమే. కుట్టుమిషను పెట్టె మూత లోపలివైపు దర్జీ సుద్దతో గీతలు. పీల్చిన ప్రతిసారీ ఒక నిలువు గీత. మొగుడు ఉందని చూపించడానికి గాల్లోకి కొట్టిన ప్రతిసారీ ఒక అడ్డగీత. ఈ ఉదయానికి నిలువువి నూట పద్దెనిమిది, అడ్డానివి పద్దెనిమిది. ఇంకా అరవై నాలుగు ఉండాలి.

"అందరూ అలాగే అంటారమ్మా" అంది నర్సు.

డాక్టరమ్మ వచ్చి చీటీ చూసింది. ఆవిడకి కోపం వచ్చింది, ఆ కోపం అన్యాయమైనదేమీ కాదు. రెండు నెలల్లోపే రెండువందలు పీల్చే మనిషికి రోగం అదుపులో లేనట్టే అంది. ఈ నీలం ఇన్‌హేలర్ మందు బిగుసుకున్న ఊపిరి గొట్టాలని కాసేపు వదులు చేస్తుంది తప్ప లోపలి వాపుని తగ్గించదు, దీన్నే నమ్ముకుని వారాలు నెట్టుకొచ్చేవాళ్లనే చివరికి మోసుకొస్తారు అంది. వాపు తగ్గించే రెండో ఇన్‌హేలర్ కిందటిసారే రాశాను, కొన్నారా అని అడిగింది. ఆమె భర్తని చూసింది. అతను గోడని చూశాడు.

"చేతులు వణుకుతున్నాయా? ఇప్పుడు కాదు, ఇన్నాళ్లూ."

"లేదండీ."

"గుండె దడ? నిద్రపట్టకపోవడం?"

"లేదండీ."

డాక్టరమ్మ ఒక్క క్షణం కలం ఆపి ఆమె మొహంలోకి చూసింది. అంత మందు ఒంట్లో పడితే ఉండాల్సినవి ఇవి, ఏవీ లేవంటున్నారే అంది. తర్వాత బయట ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది.

ఆ మూడు ప్రశ్నలూ ఆమె మనసులో ఎక్కడో తగులుకుని ఉండిపోయాయి.

కొత్తది ఇచ్చేటప్పుడు నర్సు దగ్గర కూర్చోబెట్టి చూపించింది. వెనకవైపు చిన్న గడి, అందులో అంకె. నొక్కినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. కొత్తది కాబట్టి ముందు రెండు గాల్లోకి కొట్టింది. పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం చివర తగిలించి, బాగా ఊపి, ఒక్కటి మాత్రమే నొక్కి, గొట్టంలోంచి నిదానంగా పీల్చాలంది. మళ్లీ అర నిమిషం, నిమిషం ఆగి ఇంకొకటి. అలా పదిసార్లకి తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి నాలుగ్గంటల్లోపు తిరగబెట్టినా ఇంట్లో కూర్చోకుండా పరుగెత్తుకు రావాలంది. వాపు తగ్గించే గోధుమరంగుది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ రెండుపూటలా పీల్చి, నోరు పుక్కిలించాలి. నీలంది ఎప్పుడూ చేతికందేలా ఉండాలి.

"ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదు, గుర్తుంచుకోండి. ఆయాసమంతా ఒకటి కాదు. గుండె జబ్బు ఆయాసానికి ఇది పట్టిస్తే ఉన్నది కాస్తా ముదురుతుంది."

ఆమె నర్సు ముందే రెండుసార్లు పీల్చి చూపించింది. గడిలో నూట తొంభై ఆరు.

*

ఆమెని బండి వెనక కూర్చోబెట్టుకుని అతను ఇంటికి బయల్దేరాడు. దారిలో, గ్యాసు ఒక్కటే ఉన్నా బుస్సుమంటుందని తనకేం తెలుసు అన్నాడు.

"రోజూ సాయంత్రం టచప్ స్ప్రే డబ్బాని తలకిందులు చేసి కొడతారు కదా, మూతి మూసుకుపోకుండా" అంది ఆమె. "రంగు ఆగిపోయి ఉత్త గాలి వచ్చేదాకా కొడతారు. అప్పుడు ఏమంటుంది అది?"

అతను బండి వేగం పెంచాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇల్లు చేరాక తెలిసింది. తన పనితనం దగ్గర దెబ్బతిన్న మగవాడు ఇంకెక్కడో గెలవాలని చూస్తాడు. మెట్లెక్కుతూనే తల్లితో, రెండువందలూ పీల్చేసిందటమ్మా, నూట పద్దెనిమిదని బొంకుతోంది, డాక్టరమ్మ మొహం వాచేలా చివాట్లు పెట్టింది అని చెప్పాడు.

అత్తగారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"అలవాటు పడిపోయిందిరా. నేను ముందే చెప్పలా? తాగుడులాంటిదే ఇదీ. దొంగచాటుగా పీలుస్తోంది."

దొంగచాటుగా అన్న మాట అంటున్నప్పుడు ఆవిడ కోడలివైపు చూడలేదు. నీలం మందు ఇకనుంచి తన దగ్గరుంటుందనీ, బీరువాలో పెట్టి తాళం వేస్తాననీ, కావలసినప్పుడు అడిగి తీసుకోవాలనీ అంది. కోడలు నర్సు చెప్పిన మాట చెప్పింది. ఎప్పుడూ చేతికందేలా ఉండాలని.

"నర్సు వచ్చి ఇంట్లో కూర్చుంటుందా?" అన్నాడు అతను. "అమ్మకివ్వు."

ఆమె ఇవ్వలేదు. అతనే ఆమె సంచిలోంచి తీసి తల్లి చేతిలో పెట్టాడు. గొట్టాన్ని మాత్రం అత్తగారు వద్దంది. చంటిపిల్లల ఆటవస్తువులా ఉందని తన గది మూలకి విసిరేసింది.

*

అడగడం అంటే ఏమిటో రెండోరోజు మధ్యాహ్నం తెలిసింది.

ఒక పెద్ద సోఫా కవరు కుడుతుండగా షెడ్డులోంచి, రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ వాసన కిటికీలోకి ఎగదన్నింది. గాలి బయటికి తోసే ఫ్యాను సరిగ్గా వాళ్ల వంటింటి కిటికీ కిందే ఉంటుంది. షెడ్డుని ఇంటికి దూరంగా మార్చమని డాక్టరమ్మ రెండుసార్లు రాసిచ్చింది. రెండుసార్లూ అత్తగారు ఒకటే మాట అంది. మీ మావగారు నలభై ఏళ్లు ఇక్కడే కొట్టారు, ఏమైంది? ఏమైందో ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు. చివరి మూడేళ్లూ ఆయన దగ్గుతూనే ఉన్నాడు. దానికి వయసు దగ్గు అని పేరు పెట్టుకున్నారు.

కోడలు గోడ పట్టుకుని అత్తగారి గది దాకా వెళ్లి మందు అడిగింది.

ఎంత ఆయాసం అని అడిగింది ఆవిడ. నిజంగా వచ్చిందా, వస్తుందేమో అని భయమా? వసారా చివరిదాకా నడిచి రమ్మంది, చూస్తానంది. కోడలు నడిచింది. వచ్చేటప్పుడు మధ్యలో ఆగి కిటికీ చువ్వ పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు తాళం చెవి తీసింది అత్తగారు. పక్కన నిలబడి, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టి, చేతిలోంచి లాక్కుని మళ్లీ బీరువాలో పెట్టింది.

గడిలో నూట తొంభై నాలుగు. లాక్కునేలోపే కోడలు చూసుకుంది.

ఆ సాయంత్రం అతను అన్నం తింటూ, చూశావా, అడిగితే ఇవ్వడంలేదా అమ్మ, అన్నాడు. ఆమె మజ్జిగ పోసింది. అత్తగారి చెయ్యి గ్లాసు దగ్గర వణికి నీళ్లు ఒలికాయి. రాత్రిళ్లు అసలు కునుకు పట్టడంలేదురా, గుండె దడదడలాడుతోంది అంది ఆవిడ కొడుకుతో. వయసమ్మా అన్నాడు అతను.

మజ్జిగ గిన్నె కోడలి చేతిలో అలాగే ఉండిపోయింది. చేతులు వణుకుతున్నాయా. గుండె దడ. నిద్రపట్టకపోవడం.

ఆమె గిన్నె మీద మూత పెట్టి, లోపలికి వెళ్లి, మిషను పెట్టె మూత ఎత్తింది. సుద్ద గీతల్ని మొదటినుంచి చివరిదాకా మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. తను తప్పలేదు.

*

ఆ తర్వాత రెండురోజులూ ఆమె మందు అడగలేదు. గోధుమరంగుది పూటపూటకీ పీల్చింది, పుక్కిలించింది. వాసన మొదలవగానే మిషను వదిలి డాబా మీదికి వెళ్లి నిలబడింది. పని దొంగ అని అత్తగారు అంటుంటే విననట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఆమెకి ఒక రుచి దొరికింది. ఎనిమిదేళ్లుగా మాటలు పడుతున్న మనిషికి, ఎదుటివాళ్ల గుట్టు తన ఒక్కదానికే తెలియడం ఎంత హాయో మొదటిసారి అర్థమైంది.

అయిదోరోజు పన్నెండింటికి పాప బడిలో ఉంది. కింద పెయింటరు ఒక పెద్ద బీరువాకి ఆఖరి కోటు కొడుతున్నాడు. కంప్రెసర్ మోత నేలలోంచి కాళ్లకి తెలుస్తోంది. కోడలు అత్తగారి గదిలోకి మామూలుగా నడుచుకుంటూ వెళ్లి మందు ఇమ్మంది.

"ఏం? బాగానే ఉన్నావుగా?"

"ఇవ్వండి అత్తయ్యా."

గొంతులో ఏముందో, అత్తగారు వసారాలో నడవమనలేదు. బీరువా తెరిచి ఇచ్చింది. కోడలు నోటి దగ్గర పెట్టుకోలేదు. వెనక్కి తిప్పి చూసింది.

నూట డెబ్బై ఒకటి.

కింద గన్ను ఆగుతూ, కొడుతూ ఉంది.

"నేను ఒక్కసారే అడిగాను" అంది కోడలు. "రెండే పీల్చాను. మీరే పైకి లెక్కపెట్టారు."

"డబ్బాలో ఏదో తేడా ఉండి ఉంటుంది."

"నాలుగురోజుల్లో ఇరవై మూడు. పాత దాంట్లో అరవై నాలుగు. ఎన్నాళ్లనుంచి అత్తయ్యా?"

అత్తగారు మంచం మీద కూర్చుంది. కూర్చున్న తీరు కోడలికి బాగా తెలిసినదే. మోకాళ్ల మీద చేతులు, ముందుకి వంగిన నడుం. ఆవిడ అబద్ధం ఇంకొకటి వెతుక్కుంటోందో, ఊపిరే వెతుక్కుంటోందో మొదట తెలియలేదు. తర్వాత వినబడింది. సన్నగా, ఎక్కడో తలుపు సందులో గాలి దూరినట్టు, ముసలి గుండెల్లోంచి ఈల.

కిటికీలోంచి హార్డెనర్ వాసన గదంతా నిండుతోంది.

అత్తగారు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి వణుకుతోంది. నోటితో మాత్రం ఏమీ అడగలేదు.

కోడలు ఆ చేతివంక చూస్తూ రెండడుగులు వెనక్కి వేసింది. కిటికీ తలుపులు మూసింది. అంతవరకే దయ.

"నర్సు చెప్పింది. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదట. మీకిది ఆయాసమో, గుండెజబ్బో ఎవరికి తెలుసు? చూపించుకోకుండా ఇరవై మూడు పీల్చారు, గొట్టం కూడా లేకుండా. అందుకే చేతులు అలా ఆడుతున్నాయి." ఆమె గొంతు పెరగలేదు. "పదండి, ఆస్పత్రికి వెళదాం. కింద ఆయన్ని పిలుస్తాను."

"వద్దు." అత్తగారు తల అడ్డంగా ఊపింది. "వాడికి... చెప్పకు."

"ఎందుకని?"

సమాధానం ముక్కలుముక్కలుగా వచ్చింది. చెబితే షెడ్డు తీసేస్తాడు. షెడ్డు పోతే బేరం పోతుంది. ఆపైన ఒక ముక్క చాలాసేపటికి గానీ రాలేదు. నాన్న పోయిందీ దీనివల్లేనా అని అడుగుతాడు. అడిగితే, ఆవిడ ఏం చెప్పాలి? ఆయన దగ్గుతుంటే ఆరోజుల్లో ఏమందో ఆవిడకి గుర్తుంది.

"ఏమన్నారు?" అంది కోడలు.

అత్తగారు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆ దగ్గుని నటన అని ఉంటుంది.

"నా పెదాలు నల్లబడుతుంటే టీ చల్లారిపోతుందన్నారు మీరు" అంది కోడలు. "నన్ను వసారాలో నడిపించారు. దొంగచాటుగా పీలుస్తోందని మీ అబ్బాయికి చెప్పారు."

ఈల పెరిగింది. ఇప్పుడది గది బయటికి కూడా వినబడేలా ఉంది. అత్తగారి కళ్లు కోడలి మొహం మీద లేవు, చేతిలోని నీలం డబ్బా మీదే ఉన్నాయి. సరిగ్గా నాలుగురోజుల కిందట, గాల్లో కలిసిపోతున్న పొగని తను ఎలా చూసిందో అలాగే.

గది మూల, ఆరోజు విసిరేసిన చోటే ప్లాస్టిక్ గొట్టం పడి ఉంది. కోడలు తీసి, కొంగుతో తుడిచి, డబ్బాకి తగిలించింది. బాగా ఊపింది. అత్తగారి మొహంలో ఆశ కనబడింది. అది కనబడటం కోసమే ఆమె ఒక క్షణం ఆగింది. అలా ఆగగలిగినందుకు తనంటే తనకే కొంచెం భయం వేసింది.

"పీల్చండి. ఆయన ముందు పీల్చండి. తర్వాత బండెక్కండి. మందిస్తాను, గుట్టు మాత్రం దాచను."

కింద కంప్రెసర్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఈల గదంతా తనదే అన్నట్టు మోగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. టీ ఏదమ్మా అంటూ పెయింటరు పైకి వస్తున్నాడు. వసారాలో ఆగి, ఒక నవ్వు నవ్వి, గట్టిగా అడిగాడు.

"మళ్లీ మొదలెట్టిందా ఈలపాట?"

కోడలు గొట్టం చివరని అత్తగారి పెదాల దగ్గరికి తెచ్చింది. బొటనవేలు డబ్బా మీద ఉంది.

అత్తగారు తలుపువైపు చూసింది. కోడలివైపు చూసింది. ఆ తర్వాత నోరు గట్టిగా మూసుకుని, కొడుకుకి వినబడకుండా, ఊపిరి బిగబట్టింది.